బఫా గారి పొలం

అమ్మ ఇవాళ కూడా ఇంటికి రాలేదు. గిన్నె మాత్రం వచ్చింది.

గిన్నె వచ్చిందంటే నేను మోసుకొచ్చానని అర్థం. ఆదివారం మధ్యాహ్నం దుప్పటి భుజాన వేసుకుని, “ఆ కాగితం మీద దారి గీత చెరిపేదాకా ఈ గడప తొక్కను” అని అమ్మ వెళ్ళిపోయింది మొదలు, పొద్దునా సాయంత్రం నాకిదే ఉద్యోగం. మరదలు వండుతుంది. నేను మోస్తాను. అమ్మ శుభ్రంగా తింటుంది. తిని, గిన్నె కడిగి నా చేతికిచ్చి, ఉప్పెక్కువైందని చెప్పమంటుంది. ఎవరికి చెప్పాలో మాత్రం చెప్పదు. కోడలి పేరు ఆవిడ నోట రావడం మానేసింది.

అత్త మీద కోపం దుత్త మీద చూపిందని సామెత. మా ఇంట్లో కోడలి మీద కోపమంతా ఉప్పు మీద పడింది. ఒకరోజు ఉప్పెక్కువ, ఒకరోజు తక్కువ, నిన్నయితే అసలు ఉప్పే వెయ్యలేదట. అన్నిసార్లూ అదే చెంచాతో అదే కొలత వేసింది మా మరదలు త్సెలెంగ్. నేను పక్కనే నిలబడి చూశాను కాబట్టి చెబుతున్నాను.

గొడవ చెప్పుకుంటే చిన్నదే. మా పెరట్లో నిలబడితే ఎదురుగా రోస్‌పార్క్ కనిపిస్తుంది. ఆసుపత్రి, పెద్ద బడి, చెట్ల నీడన ఎర్ర పెంకుల ఇళ్ళు. ఆ ఆసుపత్రి కిటికీలు ఇక్కణ్ణించే లెక్కపెట్టొచ్చు. అక్కడికి వెళ్ళాలంటే మాత్రం పెద్ద రోడ్డెక్కి, ఒక వ్యాను దిగి ఇంకో వ్యానెక్కి, ఊరంతా ప్రదక్షిణం చెయ్యాలి. అడ్డంగా నడిచిపోదామంటే అవతల గోడ, గోడ మీద కరెంటు తీగ. తెల్లదొరల రాజ్యంలో ఊరిని అలా గీశారు. పైన తెల్లవాళ్ళు, కింద మా నల్లవాళ్ళ మొట్సెంగ్, మధ్యన ఎవరూ ఉండని గడ్డినేల. ఆ రాజ్యం పోయింది, మాకు ఓటొచ్చింది, డబ్బుంటే ఎవరు ఎక్కడైనా ఇల్లు కొనుక్కోవచ్చు. గోడ మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

త్సెలెంగ్ వాళ్ళమ్మకి నొప్పులొచ్చి ఆ ఆసుపత్రికి బయల్దేరితే, సగం ప్రదక్షిణంలో వ్యానులోనే ఈ పిల్ల పుట్టేసింది. త్సెలెంగ్ అంటే మా భాషలో ‘దారిలో’ అని. అలా పుట్టిన పిల్ల చదువుకుని, మునిసిపాలిటీలో ఊరి పటాలు గీసే ఉద్యోగంలో చేరి, గోడకి కన్నం పెట్టి నేరుగా ఒక దారి గీసిందంటే అందులో వింతేముంది? వింతల్లా మా తమ్ముడు టెఫోదే. వాడు నడిపేది ఆ చుట్టుదారి వ్యానే. పెళ్ళాం గీసిన దారి నిజంగా పడితే వాడి బేరం సగానికి పడుతుంది. అయినా ఇంతవరకూ పల్లెత్తు మాట అనలేదు. అది ప్రేమో భయమో నాకు తేలడం లేదు.

అసలు తంటా ఆ దారి ఎటు నుంచి వెయ్యాలన్న దగ్గర వచ్చింది. ఆ గడ్డినేల మధ్యలో పెద్ద పల్లం ఉంది. రోస్‌పార్క్ కప్పుల మీదా సిమెంటు వాకిళ్ళ మీదా పడ్డ వానంతా లావుపాటి గొట్టంలోంచి ఆ పల్లంలోకి దూకుతుంది. అక్కడి రెల్లూ బురదా తాగినంత తాగి, మిగిలింది నింపాదిగా వదులుతాయి. అందుకే మా ఇళ్ళు నిలబడి ఉన్నాయి. కింది వరస పక్కన ఇటుకలవాళ్ళు పల్లం అంచు కొంత పూడ్చిన ఏడాది, ఆ వరసలో మంచాలు గదుల్లో తేలాయి. కాబట్టి త్సెలెంగ్ పల్లం జోలికి పోకుండా దారిని మెరక వైపుకి తిప్పింది. ఆ మెరక మీద మా అమ్మా, ఆవిడ ఈడు ముసలమ్మలూ వేసుకున్న గుమ్మడి పాదులూ మొక్కజొన్న చేలూ ఉన్నాయి. నీళ్ళని కాపాడితే అత్తగారికి కోపం, అత్తగారిని కాపాడితే నీళ్ళు ఇళ్ళలోకి వస్తాయి. ఏం చేస్తుంది పాపం.

శనివారం మా మొట్సెంగ్ బడి హాల్లో మీటింగు. దారి కావాలో వద్దో జనం చేతులెత్తి చెప్పాలి. వద్దంటే ఆ పటం చుట్ట చుట్టి అటక మీద పడేస్తారు. అమ్మ అప్పుడే ముసలమ్మలందర్నీ కూడగట్టేసింది.

*

గురువారం సాయంత్రం నేను వెళ్ళేసరికి అమ్మ మెరక మీద తన పాదుల పక్కనున్న రేకుల కొట్టం ముందు బోర్లించిన రంగు డబ్బా మీద కూర్చుని చిక్కుడు గింజలు ఒలుస్తోంది. పారలూ గునపాలూ దాచుకునే కొట్టం అది. నాలుగు రోజుల్లో దాన్ని ఇల్లు చేసేసింది. రేడియో, కెటిలు, గోడకి తగిలించిన చర్చి టోపీ, అన్నీ ఉన్నాయి. అలిగి వెళ్ళిన మనిషిలా లేదు, పుట్టింటికి వచ్చిన దానిలా ఉంది. వచ్చేపోయే వాళ్ళందరికీ టీ పోస్తోంది, ప్రతివాళ్ళకీ మొదటి నుంచీ కథ చెబుతోంది.

ఇంటి కబుర్లు అడగనే అడగదు. గాల్లోకి చూస్తూ మాట వదులుతుంది. కొందరికి వ్యాను తోలేటప్పుడు చొక్కా ఇస్త్రీ చేసుకోవాలన్న ధ్యాస కూడా ఉండదంటుంది. ఆఫీసు మనుషులు పొద్దున్నే ఏమైనా తిని వెళ్తున్నారో, టీ నీళ్ళతో సరిపెడుతున్నారో అంటుంది. నేనూ గాల్లోకే చూస్తూ, అందరూ తింటున్నారని చెప్పాను.

ఇంటికి రమ్మని బతిమాలాను. మబ్బు పట్టింది, ఈ రేకుల కింద వానలో ఏం తడుస్తావన్నాను. ఒక్క దారే కదా, మిగతా పొలం అలాగే ఉంటుంది కదా అన్నాను. ఆ మాటకి అమ్మ చిక్కుడుకాయ కింద పెట్టేసింది. ఇవాళ దారి అంటారు, రేపు దారి పక్కన కొట్టు, ఎల్లుండి కొట్టు పక్కన పెట్రోలు బంకు, ఏకు మేకై కూర్చోవడం తను చూడలేదా అంది. తర్వాత గొంతు తగ్గించి అసలు మాట అడిగింది.

“ఇంతమంది చదువుకున్నారు. ఒక్కరైనా ఆయన్ని అడిగారా?”

ఆయన అంటే ఎవరో మొట్సెంగ్‌లో పుట్టిన ప్రతివాళ్ళకీ తెలుసు. ఆ నేలని మేము ‘హా బఫా’ అంటాం. బఫా గారి చోటు అని. మా వాళ్ళని లారీల్లో తెచ్చి ఇక్కడ దింపిన రోజున, టోపీ పెట్టుకున్న తెల్ల అధికారి ఒకడు ఆ గడ్డి వైపు కర్ర చాపి, అది బఫా, అందులో అడుగు పెట్టొద్దని చెప్పాడట. ఎవరో బఫా అనే ఆసామి పొలం కాబోలు అనుకున్నారు మా వాళ్ళు. పొలమున్న ప్రతి తెల్లవాడికీ కుక్కా తుపాకీ ఉంటాయి కాబట్టి కొన్నాళ్ళు ఎవరూ దిగలేదు. ఎన్నాళ్ళకీ బఫా రాలేదు. మంచివాడే అయి ఉంటాడని మా అమ్మ వాళ్ళు మెల్లగా మెరక మీద నాలుగు గుమ్మడి గింజలు పెట్టారు. పరాయివాడి నేలలో ఊరికే తినడం మర్యాద కాదని, ప్రతి ఏడూ మొదటి గుమ్మడికాయ పొలం మధ్యనున్న సిమెంటు రాయి మీద ఆయనకని పెట్టేవాళ్ళు. తెల్లారేసరికి కాయ ఉండేది కాదు. ఆయనకి అభ్యంతరం లేదని తేలిపోయింది.

అప్పట్నుంచీ బఫా మా ఊరి పెద్దల్లో ఒకడైపోయాడు. ఆయనకి మేకలంటే గిట్టదు. గొంతెత్తి తిట్టుకుంటే నచ్చదు. కలుపు తియ్యని వాళ్ళ పాదుకి పురుగు పట్టిస్తాడు. మా ఇళ్ళలో కోడళ్ళు మామగారి పేరు ఎలా పలకరో, ఈ ముసలమ్మలు ఆయన పేరు అలా పలకరు. ‘పొలం గలాయన’ అంటారు, లేకపోతే ఉత్తినే ‘ఆయన’.

ఆయన ఎక్కడున్నాడో తెలీకుండా ఎలా అడుగుతామమ్మా అన్నాను. వెతకండి, పటాలు గియ్యడం వచ్చిన వాళ్ళకి మనిషిని వెతకడం రాదా అంది. ఇన్నేళ్ళు ఆయన ఉప్పు తిన్న మనుషులం, ఆయన పరోక్షంలో ఆయన పొలం పంచుకు తినే రకం తను కాదంది. ఖాళీ గిన్నె తీసుకుని వచ్చేశాను.

*

ఇంట్లో టెఫో, త్సెలెంగ్ బల్లకి అటొకరూ ఇటొకరూ కూర్చుని ఉన్నారు. మధ్యలో మొక్కజొన్న సంకటి చల్లారిపోతోంది. తల్లికీ పెళ్ళానికీ మధ్య చిక్కుకున్న మగవాడు చేసే పనే టెఫో చేస్తున్నాడు, అంటే ఏమీ చెయ్యడం లేదు. ఏమన్నారని త్సెలెంగ్ అడిగింది. ఉప్పు సరిపోయిందట అన్నాను. దాని మొహం ఒక్కసారి వెలిగింది. కారం ఎక్కువైందట అని పూర్తి చేశాను.

త్సెలెంగ్ నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. అమ్మ బఫాని అడగమంటోందని నేను చెప్పగానే ఆ నవ్వు కాస్తా ఆగిపోయింది. లేచి తలుపు దగ్గరికి వేసి వచ్చి కూర్చుంది.

“వదినా, ఒక సంగతి చెప్తాను. అత్తయ్యకి చెప్పనని మాటివ్వు.”

మాటిచ్చాను. నా మాట విలువ ఎంతో దానికి తెలుసు, అయినా చెప్పింది. ఉద్యోగంలో చేరిన రోజు దాని చేతికి ఊరి పాత పటం ఇచ్చారట. పైన రోస్‌పార్క్ ఒక రంగు, కింద మొట్సెంగ్ ఇంకో రంగు. మధ్యలో రంగు లేని పట్టీ. ఆ పట్టీ మీద పెద్ద అక్షరాలతో ‘బఫర్’ అని రాసి ఉందట. రెండు రైలు పెట్టెలు ఒకదాన్నొకటి గుద్దుకోకుండా మధ్యలో పెడతారే, అది.

గుద్దుకోకూడని ఆ రెండూ ఏమిటని అడిగాడు టెఫో.

“మనమూ, వాళ్ళూ” అంది త్సెలెంగ్.

నాకు అర్థం కావడానికి కొంచెం టైము పట్టింది. అర్థమయ్యాక నవ్వు ఆగలేదు. కర్ర చాపిన ఆ అధికారి, ఇది మీకూ మాకూ మధ్య ఎడం అని చెబితే, మా వాళ్ళు ఆ ఎడానికి మీసాలు పెట్టి, కుక్కనిచ్చి, కోపం తాపం నేర్పించి, ఏడాదికో గుమ్మడికాయ శిస్తు కట్టారు. బల్ల మీద తల పెట్టుకుని నవ్వాను. మరి ఆ గుమ్మడికాయలు ఎవరు తీసుకెళ్ళినట్టు అని అడిగాను.

“ముళ్ళపంది అయి ఉంటుంది” అంది త్సెలెంగ్.

టెఫోకి సంకటి కొరబోయింది. వాడి వీపు మీద చరుస్తూ ముగ్గురం నవ్వాం. ఆ ఇంట్లో నవ్వు వినిపించి చాలా రోజులైంది. తర్వాత ఎవరు ముందు ఆగారో గాని, అందరం ఆగిపోయాం.

ఇంకేం, రేపే వెళ్ళి చెప్పెయ్యమన్నాను. బఫా లేడని తెలిస్తే అమ్మ వాదానికి కాళ్ళే ఉండవు, మూట కట్టుకుని ఇంటికొచ్చేస్తుందన్నాను. త్సెలెంగ్ తల అడ్డంగా ఊపింది. నేను చెబుతానన్నాను. మాటిచ్చావంది. అలాంటి మాటలు నేను వారానికి పది ఇస్తానన్నాను. అప్పుడు దానికి కోపం వచ్చింది. మా ఇంటికి వచ్చాక అది నా మీద గొంతు పెంచడం అదే మొదలు.

“దారి పోతే పోనీ వదినా, మళ్ళీ గీస్తాను. ఆవిడ ఇన్నేళ్ళు పెట్టుకున్న మర్యాద ఉత్త గాలికి పెట్టుకుందని నేను చెప్పాలా? నా నోటితోనా?”

టెఫో మొదటిసారి నోరు విప్పాడు. “అమ్మకి ఆయన్ని ఉంచెయ్యండి” అన్నాడు. అని మళ్ళీ సంకటి వైపు చూస్తూ కూర్చున్నాడు.

మెతక మనుషులతో కాపరం చేస్తున్నానని ఇద్దర్నీ తిట్టాను. అంత మెతకైతే అత్తగారి పాదుల మీంచి దారెందుకు గీశావని దాన్ని దెప్పాను. పల్లం మీంచి గీస్తే మన ఇంట్లో మంచాలు తేలతాయి కాబట్టి అంది. నిజం చెప్పొద్దూ, ఆ నిమిషంలో ఆ పిల్ల నాకు పట్టలేనంత ముద్దొచ్చింది. పైకి చెప్పడం నాకు చేతకాదు. కోపంగా ఇంకో ముద్ద సంకటి దాని పళ్ళెంలో పడేశాను.

*

శనివారం పొద్దున్న బడి హాలు కిటకిటలాడింది. మొట్సెంగ్ జనం ఎడమవైపు కూర్చున్నారు. రోస్‌పార్క్ నుంచి కూడా వచ్చారు, కార్లలో ఊరంతా తిరిగి. వాళ్ళు కుడివైపు కూర్చున్నారు. మధ్యలో రెండు వరసల కుర్చీలు ఎవరూ చెప్పకుండానే ఖాళీగా వదిలేశారు. వార్డు కౌన్సిలర్ ట్లాలి టోపీ పెట్టుకుని వేదిక మీద కూర్చున్నాడు. ఆయన పక్కన పటం పట్టుకుని త్సెలెంగ్. అమ్మ ముసలమ్మల దండుతో ముందు వరసలో దిగింది, చర్చి టోపీతో సహా. కోడలి వైపు చూడలేదు. కోడలు వేసుకున్న గౌను తను కుట్టిందేనా కాదా అని మాత్రం ఓరకంట చూసుకుంది.

త్సెలెంగ్ పటం చూపించి దారి ఎందుకో చెప్పింది. పల్లాన్ని ఎందుకు ముట్టుకోకూడదో చెప్పింది. మెరక మీద పాదులు పోయే వాళ్ళకి దారి పక్కనే అంత నేల ఇప్పించడానికి ఆఫీసుతో పోట్లాడుతున్నానని కూడా చెప్పింది. కుర్రవాళ్ళు చప్పట్లు కొట్టారు. ట్లాలి అమ్మని మాట్లాడమన్నాడు. ‘మాపులెంగ్ గారూ’ అన్నాడు. పులెంగ్ తల్లి అని. ఆ పులెంగ్‌ని నేనే.

అమ్మ బ్రహ్మాండంగా మాట్లాడింది. అడగని నేలని తవ్వకూడదంది. కప్పలు అరిచే చోట వ్యాన్ల హారన్లు వద్దంది. ముసలమ్మలు కేకలు వేశారు. నేనూ రెండు చప్పట్లు కొట్టాను, ఎంతైనా తల్లి కదా.

అప్పుడు కుడివైపు నుంచి వాన్ టోండర్ అనే పెద్దాయన లేచాడు. పళ్ళ డాక్టరుగా చేసి మానేశాడట. నాన్నగారి పొలంలో మా వాళ్ళ పిల్లలతో కలిసి పెరిగిన మనిషి, మా భాష మా కుర్రవాళ్ళకంటే నయంగా మాట్లాడాడు. ఈ తల్లి చెప్పినదంతా అక్షరాలా నిజమన్నాడు. ఆ రెల్లు, ఆ కప్పలు, ఆ పిట్టలు ఎంత విలువైనవో ఆవిడకి తెలుసన్నాడు. ఉన్నది ఉన్నట్టు ఉంచేద్దామన్నాడు. ఇంకా భద్రంగా ఉండటానికి ఈ వైపు నుంచి కూడా ఒక కంచె వేసేస్తే, లోపలికి ఎవరూ దిగకుండా ఉంటుందన్నాడు. కుడివైపంతా చప్పట్లు. మా అమ్మ వైపు తిరిగి మరీ కొట్టారు.

అమ్మ ముందు సంతోషించింది. తర్వాత పక్క ముసలమ్మని కంచె ఏమిటని అడిగింది. అవతలి చప్పట్లు ఆగడం లేదు. ఆవిడ మొహంలో ఏదో తేడా వచ్చింది, పిలవని పెళ్ళికి వెళ్ళి ముందు కుర్చీలో కూర్చున్న దానిలా ఇటూ అటూ చూసింది.

వాన్ టోండర్ ఇంకొక్క మాట చెప్పి ముగిస్తానన్నాడు. ఇన్నేళ్ళుగా మన రెండు ఊళ్ళనీ ఏ గొడవా లేకుండా కాపాడింది ఆ బఫరే, దాన్ని కదిలించొద్దన్నాడు. ఆయన ఏమని పలికాడో గాని అమ్మకి బఫా అనే వినిపించింది. లేచి నిలబడింది.

“అయ్యా, మీరు ఆయన్ని ఎరుగుదురా?”

“ఎవర్నమ్మా?”

“పొలం గలాయన్ని. ఇప్పుడు మీరే పేరు పెట్టి పిలిచారు.”

వెనక నుంచి ఎవరో బఫా గారి సంగతి అడుగుతోందండీ అని సాయం చేశారు. వాన్ టోండర్ నవ్వాడు, చెడ్డ నవ్వు కాదు. బఫర్ అంటే మనిషి కాదమ్మా, అది ఏమిటంటే, అని మొదలుపెట్టాడు. అక్కడే ఆగిపోయాడు. మా భాష అంత బాగా వచ్చిన మనిషికి ఆ ఒక్క మాట మా మొహాల మీద చెప్పడానికి నోరు పెగల్లేదు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఆఫీసు అమ్మాయి చెబుతుందని త్సెలెంగ్ వైపు చూశాడు.

హాలంతా త్సెలెంగ్ వైపు చూసింది. నేను టెఫో చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. దారి దక్కాలంటే దానికి ఇంతకంటే మంచి తరుణం దొరకదు. అది పటం బల్ల మీద పెట్టేసి వేదిక దిగి వచ్చింది. అత్తగారి ముందు, కోడళ్ళు పెద్దవాళ్ళతో మాట్లాడేటప్పుడు కూర్చున్నట్టు, మోకాళ్ళ మీద కూర్చుంది.

“అత్తయ్యా, బఫా మనిషి కాదు. దూరం. మనం వాళ్ళకి తగలకుండా ఎంత ఎడంగా ఉండాలో, ఆ ఎడానికి వాళ్ళు పెట్టిన పేరు.”

ముసలమ్మలు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు. అమ్మ కోడలి నడినెత్తి వైపు చూస్తూ నిలబడింది.

“నీకెప్పుడు తెలిసింది?”

“ఉద్యోగంలో చేరిన రోజున.”

“మరి నాకు చెప్పలేదేం?”

త్సెలెంగ్ తల ఎత్తలేదు. దానికి నువ్వంటే దారికంటే ఎక్కువ కాబట్టి చెప్పలేదని నాకు అరవాలనిపించింది. టెఫో నా చెయ్యి నొక్కాడు. అమ్మ చర్చి టోపీ సర్దుకుంది. కోడలి భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి ఊగడం చూసి ఏడుస్తోందేమో అనుకున్నాను. ఏడవడం లేదు, నవ్వుతోంది. పొట్ట పట్టుకుని నవ్వింది. ముసలమ్మలకి అంటుకుంది, తర్వాత హాలు ఎడమవైపంతా అంటుకుంది. అన్ని గుమ్మడికాయలా అని ఒకావిడ మూలిగితే నవ్వు మళ్ళీ మొదలైంది. కుడివైపు వాళ్ళు నవ్వాలో వద్దో తెలియక నేల చూపులు చూశారు.

నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని అమ్మ వేదిక వైపు తిరిగింది. ఈ పూట చేతులెత్తడాలూ తీర్మానాలూ కుదరవు అంది. ఎందుకని ట్లాలి అడిగాడు.

“బఫా ఇప్పుడే పోయాడు నాయనా. అందరి ముందూ పోయాడు. పోయినవాడిని మట్టి చెయ్యకుండా వాడి పొలం గురించి మాట్లాడటం మీ ఇంట్లో ఉందేమో, మా ఇంట్లో లేదు.”

ట్లాలి ఏదో అనబోయాడు. ముసలమ్మలందరూ ఆయన టోపీ వైపే చూస్తున్నారు. చచ్చినవాళ్ళ మాట వచ్చినచోట టోపీ పెట్టుకుని కూర్చునే మగవాడికి మా ఊళ్ళో మళ్ళీ ఓటు పడదు. టోపీ తీసేశాడు. వెనక కుర్రవాళ్ళు టోపీలు తీశారు. వాన్ టోండర్ కూడా తీశాడు, ఆయన పెరిగిన పెంపకం అలాంటిది. శవం లేని చావు ఏమిటని ఎవడో గొణిగాడు. గనుల్లో పోయిన మగవాళ్ళని శవాలు రాకుండానే సాగనంపలేదా, మాకు కొత్తా అని అమ్మ వాడి నోరు మూయించింది. మట్టి చేశాక పొలం సంగతి ఆయన పేరు చెప్పుకుని దున్నిన వాళ్ళు మాట్లాడతారంది. వచ్చే శనివారం ముహూర్తం పెట్టేసింది. వంట మా ఇంట్లోనట. కోడలు వండుతుందట. ఇంతమందికి వండాలంటే ఉప్పు చూసి వెయ్యాలని ఆ మోకాళ్ళ మీదున్న పిల్లతోనే నేరుగా చెప్పింది. ఆ మాటతో నాకు ఏడుపొచ్చింది.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. అమ్మ ఆగే మనిషి కాదు. ఖాళీ కుర్చీలు దాటుకుని కుడివైపుకి వెళ్ళి వాన్ టోండర్ ఎదురుగా నిలబడింది.

“ఆయన్ని మా దగ్గరికి తెచ్చింది మీవాళ్ళు. మేము సాకాం, అంతే. మీవాళ్ళు రాకుండా మట్టి వెయ్యం. మీరు రావాలి.”

మా వైపు చావుకి పిలిస్తే రానని చెప్పడం ఉండదు, అది ఆయనకీ తెలుసు. భార్య ఆయన మోచెయ్యి లాగుతోంది. ఆయన టోపీని రెండు చేతుల్లో తిప్పుకున్నాడు.

“వస్తానమ్మా” అన్నాడు. ఒక అడుగు ముందుకేసి, మర్యాదగా, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. “ఎటు నుంచి రమ్మంటారు?”

చెప్పడానికి అమ్మ కిటికీ వైపు చెయ్యెత్తింది. కిటికీలోంచి గోడ కనిపిస్తోంది, గోడకి ఇవతల పల్లం, పల్లం పక్కన మెరక. ఆవిడ ఎటు చూపించినా పల్లమైతే బురదలో దిగబడాలి, కాకపోతే తన గుమ్మడి పాదు తొక్కుకుంటూ రావాలి. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. హాల్లో అందరూ ఆ చేతి వైపే చూస్తున్నారు. త్సెలెంగ్ మాత్రం మోకాళ్ళ మీంచి లేవకుండా అత్తగారి మొహం చూస్తోంది.